ఆ నాలుగు మంద్రస్వరాలు ఎవరివి?

ఒక వాద్యం ముందు నడిచి, ఆర్కెస్ట్రా తోడుగా వచ్చే రచనను కాన్సెర్టో అంటారు. మోజార్ట్ క్లారినెట్ కాన్సెర్టో మొదటి భాగంలో ఒక చోటు ఉంది. క్లారినెట్ మెట్లు దిగినట్టు గబగబా కిందికి జారుతూ వస్తుంది. ఇంకో రెండు మెట్లు దిగితే నేల తగులుతుంది అనుకునేలోపు, ఉన్నట్టుండి ఒక స్థాయి పైకి గెంతి, మిగిలిన స్వరాలను అక్కడ పూర్తి చేస్తుంది. ఇలాంటి గెంతులు ఆ రచనలో ఇంకా కొన్ని ఉన్నాయి. చాలాకాలం నేను వాటిని మోజార్ట్ చమత్కారం అనుకుని మురిసిపోయాను. తర్వాత తెలిసింది, అవి ఆయన రాసినవి కావని. ఆయన పాటను నేల దాకా దించాడు. ఆయన పోయిన పదేళ్లకు అచ్చు వేసినవాళ్లు ఆ కింది మెట్లు తీసేశారు.

ఎందుకు తీసేశారో తెలియాలంటే ఆంటోన్ స్టాడ్లర్ గురించి తెలియాలి. వియన్నా ఆస్థానంలో క్లారినెట్ వాయించినవాడు, సొంతంగా సంగీతం రాసినవాడు. మోజార్ట్ జీవితచరిత్రల్లో మాత్రం ఈయన దాదాపు ఎప్పుడూ బాకీ ఎగ్గొట్టిన స్నేహితుడుగానే కనిపిస్తాడు. ఆ కథలో కొంత నిజం ఉండవచ్చు. కానీ మోజార్ట్ చేత ఐదు వాద్యాల క్లారినెట్ క్వింటెట్‌నూ కాన్సెర్టోనూ రాయించిన మనిషిని ఆ ఒక్క మాటతో చుట్టి పక్కన పెట్టడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

స్టాడ్లర్ 1753 జూన్ 28న ఆస్ట్రియాలోని బ్రుక్ ఆన్ డెర్ లైటా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు, సంగీతం కూడా వాయించేవాడు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే కుటుంబం వియన్నాకు చేరింది. తమ్ముడు యోహాన్ రెండేళ్లు చిన్న. అన్నదమ్ములిద్దరూ క్లారినెట్టే పట్టుకున్నారు. అప్పటికి ఆ వాద్యానికి గట్టిగా డెబ్బై ఏళ్లు కూడా లేవు. న్యూరెంబర్గ్‌లో డెన్నర్ అనే వాద్యాల తయారీదారు 1700 ప్రాంతంలో దానికి రూపం ఇచ్చాడు. వయొలిన్ వాళ్లకూ ఓబో వాళ్లకూ ఉన్నట్టు క్లారినెట్ వాళ్లకు ఆర్కెస్ట్రాలో స్థిరమైన కుర్చీ లేదు.

అందుకే వీళ్ల మొదటి సంవత్సరాలన్నీ పని వెతుక్కోవడంలోనే గడిచాయి. 1773 మార్చిలో అన్నదమ్ములు వియన్నాలో ఒక పెద్ద కచేరీలో వాయించిన ఆధారం ఉంది. 1779 నుంచి ఆస్థానంలో వాయించారు గానీ అది పిలిచినప్పుడు వెళ్లి డబ్బు తీసుకునే పద్ధతి. కొంతకాలం వియన్నాలోని రష్యా రాయబారి గలీత్సిన్ దగ్గర ఉన్నారు. 1781 నవంబరులో ఆంటోన్ దక్షిణ జర్మనీలోని వాలర్‌స్టైన్ ఆస్థానానికి ఉద్యోగం కోసం ఉత్తరం రాసుకున్నాడు. ఆ ఉద్యోగం రాలేదు. మరుసటి ఏడాది చక్రవర్తి రెండో జోసెఫ్ ఎనిమిది మందితో ఊదుడు వాద్యాల బృందం పెట్టాడు: రెండేసి ఓబోలు, క్లారినెట్లు, హార్న్‌లు, బసూన్‌లు. స్టాడ్లర్ సోదరులకు అందులో చోటు దొరికింది. భోజనాల వేళ వాయించడం, జనం మెచ్చిన ఆపెరా పాటలను ఊదుడు వాద్యాలకు మార్చి వినిపించడం వాళ్ల పని.

ఇక్కడ ఒక చిన్న వివరం ఉంది. బృందంలో పై స్వరాల పాట వాయించే మొదటి క్లారినెట్ తమ్ముడిది. పెద్దవాడు, ఎక్కువ పేరున్నవాడు అయిన ఆంటోన్ రెండో క్లారినెట్ తీసుకున్నాడు. అది తగ్గి కూర్చోవడం కాదు. ఆయన మనసంతా కింది స్థాయిలో ఉంది, అక్కడ వాయించే అవకాశం రెండో కుర్చీలోనే ఎక్కువ.

ఆ కింది స్థాయిలో అంత ఏముందో తెలియాలంటే గొట్టం సంగతి కాస్త చూడాలి. సన్నాయి గొట్టం పైన సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. దాన్ని గట్టిగా ఊదితే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి పోతుంది, మంద్ర షడ్జమం మధ్య షడ్జమం అవుతుంది. క్లారినెట్ గొట్టం దాదాపు పొడవునా ఒకే వెడల్పు, రీడు ఉన్న కొన మూసినట్టు పనిచేస్తుంది. అందువల్ల రెండు విషయాలు జరుగుతాయి. ఒకటి, అంతే పొడవున్న ఫ్లూట్ కన్నా స్వరం దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. రెండోది, గట్టిగా ఊదితే షడ్జమం షడ్జమానికి పోదు, ఒక స్థాయి దాటి దాని పైనున్న పంచమానికి పోతుంది. మధ్యలో ఉన్న అంత ఖాళీనీ రంధ్రాలతోనూ, వేలితో నొక్కే కీలతోనూ నింపుకోవాలి. ఈ ఏర్పాటు వల్ల క్లారినెట్‌లో ఒకే మనిషికి రెండు గొంతులున్నట్టు ఉంటుంది. పైగొంతు వెలుగులా ఉంటుంది. అసలు క్లారినెట్ అన్న పేరే ‘చిన్న క్లారినో’ అని అర్థం, క్లారినో అంటే ట్రంపెట్ పైస్థాయి పలుకు. కింది గొంతు వేరే లోకం. చీకటిగా, తేనెలా చిక్కగా, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మన బ్యాండు మేళాల్లో క్లారినెట్ విని పెరిగినవాళ్లకు ఈ రెండో గొంతు అంతగా పరిచయం ఉండదు. ఊరేగింపులో డప్పుల మీదుగా వినపడాలి కాబట్టి అక్కడ పైస్థాయికే పని. తమిళనాట ఏ.కె.సి. నటరాజన్ కర్ణాటక రాగాలు క్లారినెట్ మీద వాయించిన రికార్డులు వింటే మంద్రంలో దాని లోతు కొంత తెలుస్తుంది.

స్టాడ్లర్ వాయించినది విన్నవాళ్లు ఏమన్నారో మనకు ఒక మంచి సాక్ష్యం ఉంది. 1784 మార్చి 23న వియన్నా ఆస్థాన రంగస్థలంలో ఆయన కచేరీ జరిగింది. పదమూడు వాద్యాలకు మోజార్ట్ రాసిన పెద్ద సెరినేడ్‌లో నాలుగు భాగాలు ఆ రోజు వాయించారు. విన్నవాళ్లలో యోహాన్ ఫ్రీడ్రిష్ షింక్ అనే రచయిత ఉన్నాడు. మనిషి గొంతును ఒక క్లారినెట్ ఇంత నమ్మించేలా పలికించగలదని తాను ఎన్నడూ అనుకోలేదని మరుసటి ఏడాది అచ్చయిన పుస్తకంలో రాశాడు. పాటలాగా వాయించడాన్ని ‘గాయకి’ అని మెచ్చుకునే మన సంగీతంలో ఇంతకన్నా పెద్ద మెప్పు లేదు.

మోజార్ట్‌తో స్నేహం ఈ రోజుల్లోనే గట్టిపడింది. ఇద్దరూ ఫ్రీమేసన్లు అనే రహస్య సోదరసంఘంలో సభ్యులయ్యారు. జాక్విన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి ఇంట్లో సాయంత్రాలు కలిసేవాళ్లు. 1786 ఆగస్టులో మోజార్ట్ క్లారినెట్, వియోలా, పియానోలకు ఒక త్రయం రాశాడు. ఆ ఇంటి అమ్మాయి పియానో వాయిస్తే, స్టాడ్లర్ క్లారినెట్, మోజార్ట్ స్వయంగా వియోలా పట్టుకున్నారు. వినడానికి వచ్చినవాళ్ల కోసం కన్నా, వాయించే ముగ్గురి సరదా కోసం రాసిన సంగీతం అది, వింటే తెలిసిపోతుంది. మరుసటి జనవరిలో ప్రాగ్ వెళ్తూ బండిలో అందరికీ పిచ్చిపిచ్చి ముద్దుపేర్లు పెట్టుకున్నారు. స్టాడ్లర్‌కు దక్కిన పేరు ‘నాట్షిబినిట్షిబి’. అర్థం వెతకనక్కర్లేదు, దగ్గరివాళ్ల మధ్య పుట్టే పేర్లన్నీ అలాంటివే.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. మామూలు క్లారినెట్ కింది హద్దు, స్వరలిపిలో రాసే పద్ధతి ప్రకారం, ‘ఇ’. పియానో మెట్లు తెలిసినవాళ్లకు సులువుగా చెప్పాలంటే ‘సి’ని సగా పెట్టుకుంటే ఇది గాంధారం. అంటే కింద గ దాకా వచ్చి గొట్టం అయిపోతుంది, స చేరదు. స్టాడ్లర్‌కు ఆ స కావాలి. ఆస్థాన వాద్యాల తయారీదారు తెయోడోర్ లోట్స్ ఆయన కోసం గొట్టం పొడవు పెంచి, అదనపు కీలు పెట్టాడు. 1788 ఫిబ్రవరి 20న జరిగిన కచేరీ ప్రకటనలో ఈ కొత్త వాద్యం మాట మొదటిసారి కనిపిస్తుంది. అప్పటికి మామూలు క్లారినెట్ కన్నా రెండు స్వరాలు కిందికి దిగుతుందని రాశారు. తర్వాత మధ్యలోని అర్ధస్వరాలు కూడా చేరాయి. మొత్తం నాలుగు మెట్లు. ఇవాళ దీన్ని బాసెట్ క్లారినెట్ అంటున్నాం. ఆ రోజుల్లో దానికి స్థిరమైన పేరు కూడా లేదు.

నాలుగు మెట్లే కదా అనిపించవచ్చు. కానీ మూలశ్రుతి చేరకుండా గాంధారం దగ్గర ఆగిపోయే తంబురాను ఊహించుకోండి. అడుగున స దొరికాక క్లారినెట్ తన పాటకు తానే ఆధారం ఇచ్చుకోగలదు. పైన పాడే గొంతూ తనదే, కింద తోడు నిలిచే గొంతూ తనదే. మోజార్ట్ ఈ సంగతి వెంటనే పట్టుకున్నాడు. 1789 సెప్టెంబరు 29న క్లారినెట్ క్వింటెట్ పూర్తి చేశాడు, డిసెంబరు 22న స్టాడ్లర్ దాన్ని వియన్నాలో వాయించాడు. తర్వాత ఒక ఉత్తరంలో మోజార్ట్ దాన్ని ‘స్టాడ్లర్ క్వింటెట్’ అనే పిలిచాడు. 1791 సెప్టెంబరు 6న ప్రాగ్‌లో పట్టాభిషేక వేడుకలకు ‘లా క్లెమెంజా ది టిటో’ ఆపెరా వేశారు. అందులో రెండు పాటల్లో పాడే గొంతుకు సమానంగా స్టాడ్లర్ వాద్యం నడుస్తుంది, ఒకదానిలో బాసెట్ క్లారినెట్, ఇంకోదానిలో బాసెట్ హార్న్, అంటే క్లారినెట్ కన్నా లోతుగా పలికే దాని చుట్టం. ఆపెరా స్వరలిపి మోజార్ట్ చేతిరాతలో మిగిలింది. ఆ కింది స్వరాలు అందులో కళ్లెదుటే ఉన్నాయి.

మోజార్ట్ తొలి ప్రదర్శన తర్వాత వియన్నా తిరిగొచ్చాడు, స్టాడ్లర్ ప్రాగ్‌లోనే ఉండి వాయిస్తున్నాడు. అక్టోబరు 7న మోజార్ట్ ఊరెళ్లిన భార్య కాన్‌స్టాన్జెకు రాసిన ఉత్తరం ఒకటుంది. నువ్వు వెళ్లగానే ఒంటరిగా బిలియర్డ్స్ రెండు ఆటలు ఆడాను అంటాడు. గుర్రాన్ని పద్నాలుగు డ్యూకట్లకు అమ్మేశాను అంటాడు. నల్ల కాఫీ తెప్పించుకుని, చక్కగా పొగాకు పైపు కాల్చి, ఆ తర్వాత స్టాడ్లర్ రోండోకు వాద్యగోష్ఠి దాదాపు అంతా రాసేశాను అంటాడు. ఆ రోండోయే కాన్సెర్టో మూడో భాగం. టిటో చివరి ప్రదర్శనలో స్టాడ్లర్‌కు కింద కూర్చున్న ప్రేక్షకుల నుంచీ ఆర్కెస్ట్రా నుంచీ కూడా ‘బ్రావో’లు పడ్డాయన్న కబురు కూడా ఆ ఉత్తరంలోనే ఉంది. స్నేహితుడి విజయం చూసి ఉప్పొంగిపోయిన మనిషి రాత అది. ఆ ఉత్తరం చదివాక రోండో వింటే నాకు ఆ కాఫీ గుర్తొస్తుంది. అక్టోబరు 16న ప్రాగ్‌లో స్టాడ్లర్ కచేరీ జరిగింది, కాన్సెర్టోను మొదటిసారి వాయించినది అక్కడే అయి ఉంటుందని పరిశోధకుల అంచనా. డిసెంబరు 5న మోజార్ట్ చనిపోయాడు.

స్టాడ్లర్ అప్పటికే పెద్ద ప్రయాణంలో ఉన్నాడు. బెర్లిన్, వార్సా, రీగా, సెయింట్ పీటర్స్‌బర్గ్, హాంబుర్గ్ తిరిగి, 1796లో గానీ వియన్నా చేరలేదు. ఈలోగా మోజార్ట్ ఆస్తి లెక్కలు కట్టారు. రావలసిన బాకీల కింద స్టాడ్లర్ పేరు మీద 500 గుల్డెన్లు, వసూలు కావని రాసి ఉన్నాయి. మోజార్ట్‌కు ఆస్థానం నుంచి వచ్చే ఏడాది జీతమే 800. తానే ఒక వ్యాపారి మిత్రుడికి అప్పు కోసం ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్న కాలంలో, నోటు కూడా రాయించుకోకుండా ఇంత చేబదులు ఇచ్చాడన్నమాట.

తర్వాత కథలు ఇంకా పెరిగాయి. డబ్బు కావాలని స్టాడ్లర్ బతిమాలితే మోజార్ట్ తన గడియారాలు తాకట్టు పెట్టుకోమని ఇచ్చాడనీ, విడిపించమని ఇచ్చిన డబ్బును కూడా స్టాడ్లర్ సొంతానికి వాడుకున్నాడనీ 1828లో వచ్చిన జీవితచరిత్ర చెబుతుంది. దాన్ని రాసింది కాన్‌స్టాన్జె రెండో భర్త నిస్సెన్. 1800 మే నెలలో కాన్‌స్టాన్జె ప్రచురణకర్త ఆంద్రేకు రాసిన ఉత్తరం మనకు ఇంకా ముఖ్యం. మోజార్ట్ బాసెట్ హార్న్ రచనలు కొన్ని స్టాడ్లర్ దగ్గర ఉండేవి, అడగండి అంటుంది. ఆయన మాత్రం జర్మనీలో తన పెట్టె దొంగలు ఎత్తుకుపోయారంటున్నాడు, కానీ ఆ పెట్టెను అక్కడ 73 డ్యూకట్లకు తాకట్టు పెట్టాడని వేరేవాళ్లు నాతో అన్నారు, అందులో వాద్యాలు కూడా ఉన్నాయనుకుంటాను అని కూడా రాస్తుంది. క్వింటెట్, కాన్సెర్టో రాతప్రతులు ఈనాటికీ దొరకలేదు. అవి కూడా ఆ పెట్టెలోనే పోయాయని చాలామంది అనుమానం.

ఈ ఆరోపణల్లో ఎంత నమ్మాలి? బాకీ మాట నేను నమ్ముతాను, అది అధికారిక లెక్కలో ఉంది. గడియారాల కథ మోజార్ట్ పోయిన ముప్ఫై ఏడేళ్లకు, భర్తను పోగొట్టుకుని అప్పులతో మిగిలిన ఆవిడ ఇంటినుంచి వచ్చింది. ఆవిడ కోపానికి కారణం ఉంది, కానీ స్టాడ్లర్ వైపు మాట ఎవరూ రాసిపెట్టలేదు. పెట్టె విషయంలో ఆవిడ కూడా ‘అన్నారు’ అనే రాసింది. ఆ రోజుల్లో ఊరూరా తిరిగే వాద్యకారుడికి సామాను పోవడమూ జరిగేది, తాకట్టు పెట్టాల్సి రావడమూ జరిగేది. తాకట్టే నిజమైతే అది ద్రోహం కన్నా ఎక్కువగా చేతిలో చిల్లిగవ్వ లేని మనిషి కథ. ఇంకో సంగతి. మోజార్ట్ ఆ మనిషి కోసమే తన చివరి కాన్సెర్టో రాశాడు. ఆయనకు తెలిసిన స్టాడ్లర్ మనకు అందిన స్టాడ్లర్ కన్నా పెద్దవాడై ఉండాలి.

అచ్చు దగ్గరికి వస్తే, 1801లో ఓఫెన్‌బాఖ్, లైప్‌జిగ్, పారిస్‌లలో మూడు సంస్థలు కాన్సెర్టోను అచ్చు వేశాయి. కొనేవాళ్ల చేతుల్లో ఉన్నది మామూలు క్లారినెట్. స్టాడ్లర్ వాద్యం లాంటిది దాదాపు ఎవరి దగ్గరా లేదు. కాబట్టి కింది నాలుగు మెట్లకు దిగిన చోటల్లా స్వరాలను పైకి ఎత్తి, వాయించడానికి వీలుగా మార్చేశారు. వ్యాపారంగా చూస్తే అర్థం చేసుకోవచ్చు. కానీ అసలు స్వరాలను పక్కన చిన్న అక్షరాల్లోనైనా వేయలేదు. 1802లో లైప్‌జిగ్ సంగీత పత్రికలో ఒక సమీక్షకుడు ఈ మార్పులను గమనించి, మోజార్ట్ కింది ‘సి’ దాకా దిగే క్లారినెట్‌కు రాశాడని ఉదాహరణలతో సహా చూపించాడు. అసలు పాఠాన్నే అచ్చువేసి, మార్పులను చిన్న స్వరాల్లో ఇచ్చి ఉండాల్సింది అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. దాదాపు నూటయాభై ఏళ్లు ప్రపంచం మొత్తం ఆ గెంతులతోనే ఈ కాన్సెర్టో వాయించింది, విన్నది, ప్రేమించింది.

1940ల చివర్లో ఇంగ్లండ్‌లో జార్జ్ డేజ్లీ, ఆ తర్వాత చెక్ దేశంలో యిరీ క్రతోఖ్విల్, ఈ గెంతులు అసహజంగా ఉన్నాయని మళ్లీ తవ్వడం మొదలుపెట్టారు. 1977లో మోజార్ట్ సమగ్ర సంపుటాల్లో రెండు పాఠాలూ పక్కపక్కన వచ్చాయి, పునర్నిర్మించినదీ, అలవాటైనదీ. వాద్యం ఎలా ఉండేదో మాత్రం ఊహగానే మిగిలింది, ఎందుకంటే స్టాడ్లర్ క్లారినెట్ మిగల్లేదు. 1992లో అమెరికా పరిశోధకురాలు పమేలా పౌలిన్‌కు రీగా గ్రంథాలయంలో స్టాడ్లర్ 1794 కచేరీల కార్యక్రమ పత్రాలు దొరికాయి. వాటి మీద వాద్యం బొమ్మ చెక్కి ఉంది. నిటారు గొట్టం, అడుగున పక్కకు తిరిగిన మలుపు, ఆ చివర ఉల్లిగడ్డలా ఉబ్బిన గుండ్రటి బెల్. మామూలు క్లారినెట్ చివర పూసిన పువ్వులా విచ్చుకుంటుంది, ఇది మొగ్గలా ముడుచుకుంది. అది చూశాక తయారీదారులు అదే ఆకారంలో కొత్త వాద్యాలు చేశారు. ఇవాళ రికార్డింగుల్లో ఆ మంద్రం వినిపిస్తోందంటే కారణం ఒక కచేరీ పత్రం మీది బొమ్మ కూడా.

స్టాడ్లర్ సొంత రచనల గురించి చాలా తక్కువ మాట్లాడతారు. ఒంటరి క్లారినెట్‌కు కప్రీచియోలు అనే స్వేచ్ఛగా సాగే రచనలు, జనానికి తెలిసిన పాటల మీద వేరియేషన్లు, రెండు క్లారినెట్లకు యుగళాలు, ఊళ్లలో నాట్యమాడే లెండ్లర్ వరుసలు, మూడు బాసెట్ హార్న్‌లకు పద్దెనిమిది త్రయాలు రాశాడు. మోజార్ట్ పక్కన పెట్టి తూచాల్సినవి కావు. కానీ వాయించే మనిషి వేళ్లకు, ఊపిరికి ఏది సుఖమో తెలిసినవాడి రాత. ఒంటరి క్లారినెట్ రచనల్లో ఒకే పలుకును పైనుంచి కిందికి, కిందినుంచి పైకి విసురుతూ ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు చేస్తాడు. మోజార్ట్ కాన్సెర్టోలో మనం మెచ్చుకునే అలవాటు సరిగ్గా ఇదే. అది ఎవరి దగ్గర్నుంచి ఎవరికి పోయిందో చెప్పలేం గానీ, ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని విన్న సంగీతం అది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది 1800లో ఆయన రాసిన సంగీత పాఠశాల ప్రణాళిక. హంగేరీలోని కెస్ట్‌హెయ్‌లో ఫెస్టెటిక్స్ ప్రభువు బడి పెట్టాలనుకుని సలహా అడిగితే, స్టాడ్లర్ ఆరేళ్ల చదువును వివరంగా రాసి పంపాడు. గొంతు బాగున్నా లేకపోయినా ప్రతి విద్యార్థీ పాడటం నేర్చుకోవాలంటాడు. ముందు గాత్రం, తర్వాతే వాద్యం అని మన గురువులు చెప్పే మాటే. మనిషి గొంతులా పలికాడని పేరు తెచ్చుకున్న వాడి నోట ఈ సలహా రావడంలో వింతేమీ లేదు. ఆయన 1812 జూన్ 15న వియన్నాలో చనిపోయాడు.

ఇక కాన్సెర్టో అసలు పాఠం. ఇప్పుడు వాయిస్తున్న పునర్నిర్మాణాలన్నీ చాలావరకు అంచనాలే. ఏ గెంతు అచ్చువేసిన వాళ్లది, ఏది మోజార్ట్‌దే అన్నది ప్రతి సంపాదకుడూ చెవితో తేల్చుకోవాల్సిందే. ఒక్క చోట మాత్రం ఊహించాల్సిన పని లేదు. మోజార్ట్ మొదటి భాగాన్ని ముందుగా బాసెట్ హార్న్ కోసం మొదలుపెట్టాడు, ఆ చిత్తుప్రతి స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్‌లో భద్రంగా ఉంది. మొత్తం 199 బార్లు, మన లెక్కలో ఆవర్తాల లాంటివి. చివరికొచ్చేసరికి శ్రుతి కూడా మారిపోతుంది, స్టాడ్లర్ కొత్త క్లారినెట్ శ్రుతికి. ప్రధాన వాద్యం గీత మీద, తర్వాత అచ్చులో మాయమైన ఆ కింది స్వరాలు మోజార్ట్ చేతిరాతలో, ఎక్కడా గెంతకుండా నేల దాకా దిగి కనిపిస్తాయి. 199వ బారుతో కాగితాలు అయిపోతాయి.